పోటీయు ధర్మమును

అంగళ్లు రెండున్నచోట ధర తగ్గును, సరకు బాగుపడును. కావున పోటీ మేలేయని యందఱు నొప్పుకొందురు. అయినను అంగళ్ల లెక్కయొక్కటియే పోటీకి గుఱుతు కాదు. కొనువాఁడు “ఈ షరతు నాకు సమ్మతము కాదు” అని నిర్భయముగాఁ జెప్పఁగలుగుటయే దానికి నిజమైన గుఱుతని మా యభిప్రాయము. సెల్‌ఫోనులలోని మోడెమ్ చిప్పుల వర్తకమును బరిశీలించిన నీ సంగతి తేటపడును.

మన ఫోనునకును టవరునకును నడుమ మోడెమ్ చిప్పు దుబాసివంటిది. జీఎస్ఎం, సీడీఎంఏ, ఎల్‌టీఈ మొదలగు పద్ధతులు వేర్వేఱు భాషలు. ఇట్టివి పెక్కు నేర్చిన చిప్పును మల్టీమోడ్ చిప్పందురు. క్రొత్త భాష యెంత బాగుగా వచ్చినను, పాత భాష రాని దుబాసికిఁ గొన్నిచోట్లఁ గొలువు దొరకదు. 2016లో ఆపిల్ సంస్థ కొన్ని ఐఫోన్ 7లయందు ఇంటెల్ చిప్పులను వాడెను. వానికి సీడీఎంఏ రాదు గనుక అమెరికాలో వెరైజన్, స్ప్రింట్ సంస్థల కొఱకైన ఫోనులకు క్వాల్‌కామ్ చిప్పులే కావలసివచ్చెను.

1985లో శాన్‌డియాగోలో స్థాపింపఁబడిన క్వాల్‌కామ్, పలువురు శంకించిన సీడీఎంఏను సాధించి చూపినది. ఆ శ్రమకు ఫలము కూడదని మేమనము. కాని యా సంస్థ చిప్పుల నమ్ముటయేకాక పేటెంట్లకు రుసుమును గూడ గైకొనును. పేటెంటు ఒడంబడికకు సమ్మతింపని ఫోను తయారీదారునకుఁ జిప్పులమ్మదు. అప్పిచ్చిన షావుకారే విత్తనముల నమ్ముచు, వడ్డీలెక్క తప్పని వాదించిన రైతునకుఁ దొలకరినాఁడు విత్తనము లియ్యననిన, ఆ రైతు వాదించునా, వ్రేలిముద్ర వేయునా?

ఈ విధానముపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2017లో వ్యాజ్యము వేసెను. 2019లో న్యాయమూర్తి లూసీ కో కమిషన్ పక్షమునఁ దీర్పు చెప్పిరి. 2020లో తొమ్మిదవ సర్క్యూట్ అప్పీలు న్యాయస్థానము దానిని గొట్టివేసెను. ఎవరి చిప్పు వాడినను రుసుము మాఱదు గనుక, దానివలన చిప్పుల పోటీకి భంగము లేదనియు, తీవ్రముగాఁ బోటీపడుట నేరము కాదనియు నా న్యాయస్థానము తలంచెను.

చట్టదృష్టికి నీ తర్కము చాలవచ్చును, ధర్మదృష్టికిఁ జాలదు. తోడి వర్తకునకు నష్టము కలిగెనా యని చట్ట మడిగెను. చేవ్రాలు చేసినవాఁడు స్వేచ్ఛతోఁ జేసెనా యని ధర్మ మడుగును. అందఱకును సమానముగా విధించినంతమాత్రమున నిర్బంధము న్యాయము కానేరదు. పైఁగా తన పేటెంట్లను న్యాయమైన షరతులతో నందఱకు నిత్తునని మాట యిచ్చియే క్వాల్‌కామ్ తన విద్యను సర్వసామాన్య భాషలలోఁ జేర్చినది. రుసుము న్యాయమా కాదా యని నిర్భయముగా వాదించుటకుఁ జోటు లేనినాఁడు ఆ మాటకు విలువ యేమి?

ఇష్టము లేనివాఁడు కొనకుండునుగాక యని కొంద ఱందురు. ఇంటెల్ 2019లో 5జీ ఫోను చిప్పుల వ్యాపారమునుండి వైదొలఁగెను. ఆ విభాగమును నూఱుకోట్ల డాలర్లకుఁ గొన్న ఆపిల్, సొంత మోడెమ్ గల ఫోనును 2025లోఁగాని వెలువరింపలేకపోయెను. అంతటి ధనవంతునకే యింత కాల మైనప్పుడు, సామాన్య తయారీదారుని “వలదు” అను మాట కెంత బలముండును?

చట్టము విడిచిపుచ్చిన దెల్లను ధర్మము కాదు. అమ్మువాఁడు తానే కొనువాఁడై నిలిచిన నా షరతునకు మనసార నొప్పుకొనునా యని ప్రశ్నించుకొనవలెను. క్వాల్‌కామైనను, మన యూరి షావుకారైనను, ఈ ప్రశ్నకు బదులు చెప్పవలసినవారే.