దాచుకున్న ఫోన్ నంబరు పాపమా?



భార్యాభర్తల మధ్య దాపరికం ఉండరాదని మన పెద్దలు చెబుతారు. వివాహ సిద్ధపాటు తరగతులలో గురువులూ అదే బోధిస్తారు. ఇద్దరూ ఏక శరీరమైనప్పుడు ఒకరి డబ్బు, ఒకరి ఉత్తరం, ఒకరి ఫోన్ మరొకరికి తెలియకుండా ఎందుకుండాలి? మాట సబబుగానే ఉన్నది. మంచి కాపురానికి అది మంచి సూత్రమే. అయితే రోజూ తన్నులు తినే ఇల్లాలు, భర్త నిద్రపోయాక ఎవరికో ఫోన్ చేసి తన బాధ చెప్పుకొని, ఆ నంబరును వెంటనే చెరిపివేస్తే? తెల్లవారి "ఎవరితో మాట్లాడావు?" అని అడిగితే మౌనంగా ఉండిపోతే? ఆమె ఎనిమిదవ ఆజ్ఞను మీరినట్లా? వివాహ సంస్కారానికి ద్రోహం చేసినట్లా?

ఇది పండితులు తీరికగా తర్కించుకునే ప్రశ్న కాదు. భర్తను మోసం చేస్తున్నానేమోనన్న శంకతో, సహాయం దొరికే గుమ్మం దాకా వెళ్ళి వెనుదిరిగే భక్తురాళ్ళున్నారు. కొందరిని ఆ ఇంట్లో కట్టిపడవేసేది దెబ్బలు కాదు, ఈ సందేహమే.

ముందుగా వేదగ్రంథాన్ని తెరుద్దాం. సమూయేలు మొదటి గ్రంథం 25వ అధ్యాయంలో నాబాలు అనే ధనవంతుడున్నాడు. కఠినుడు, ఎవరి మాటా వినని మనిషి. అతని దురుసుతనం వలన ఇంటిల్లిపాదికీ ప్రాణం మీదికి వచ్చింది. అప్పుడు అతని భార్య అబీగాయీలు గాడిదలపై రొట్టెలు, ఎండుపండ్లు ఎత్తించి దావీదుకు ఎదురువెళ్ళింది. ఆ సంగతి భర్తతో చెప్పలేదని గ్రంథకర్త ప్రత్యేకంగా వ్రాశాడు. తిరిగి వచ్చేసరికి నాబాలు తాగి మత్తులో ఉన్నాడు. తెల్లవారి మత్తు దిగేదాకా ఆమె నోరు విప్పలేదు. వేదగ్రంథం ఆమెను వివేకవతి అన్నదే గాని మోసగత్తె అనలేదు. తాగిన మనిషితో ఎప్పుడు మాట్లాడరాదో మన ఊళ్ళలో ఆడవారికి ఎవరూ నేర్పనక్కరలేదు.

శ్రీసభ బోధ సంగతి? ఇక్కడ కొంచెం నిలిచి ఆలోచించాలి. పునీత అగస్టీనుగారు అబద్ధం విషయంలో మహా కఠినులు. సుమారు 395లో ఆయన అబద్ధాన్ని గురించి ఒక ప్రత్యేక గ్రంథమే వ్రాశారు. ప్రాణం కాపాడటానికైనా అబద్ధమాడరాదన్నది ఆయన పట్టు. ఆ గ్రంథంలోనే ఒక మేత్రాణుల ఉదంతం ఉన్నది. ఉత్తర ఆఫ్రికాలోని తగస్తే పట్టణంలో ఫిర్ముస్ అనే మేత్రాణులు, తనను ఆశ్రయించిన ఒక మనిషిని దాచారు. చక్రవర్తి భటులు వచ్చి అడిగితే, తాను అబద్ధమాడను, అతణ్ణి పట్టివ్వను అన్నారు. చిత్రహింసలు పెట్టినా ఆయన నోట జాడ రాలేదు. చివరకు చక్రవర్తే ఆ ధైర్యానికి మెచ్చి, దాగిన మనిషికి క్షమాభిక్ష ఇచ్చాడట. గమనించండి: అబద్ధాన్ని ససేమిరా అన్న అగస్టీనుగారికి కూడా దాచటంలో తప్పు కనిపించలేదు. తరువాతి కాలంలో పునీత అక్వినాసు తోమాసుగారు కూడా అబద్ధం పాపమేనని చెబుతూ, సత్యాన్ని వివేకంతో మరుగుపరచటం ధర్మమేనన్నారు. 1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథం 2489వ అంశంలో దీనినే తేటగా బోధిస్తున్నది. తెలుసుకొనే హక్కు లేనివానికి సత్యాన్ని వెల్లడించవలసిన బాధ్యత ఎవరికీ లేదు.

భర్తకు ఆ హక్కు లేదా అని మీరు అడుగుతారు. సాధారణంగా ఉన్నది. కాని విన్న మాటను కర్రగా మార్చి కొట్టేవాడు ఆ విషయంలో తన హక్కును తానే పోగొట్టుకున్నాడు. అప్పులు దాచటం, పరాయి సంబంధాన్ని దాచటం వేరు. అక్కడ దాచినవారు ఎదుటివారికి అన్యాయం చేస్తున్నారు. దెబ్బల నుండి తప్పించుకొనే దారిని దాచటంలో ఎవరికి అన్యాయం జరిగింది?

ఇక గొంతు పట్టుకొని "ఎవరికి ఫోన్ చేశావో చెప్పు" అన్నప్పుడు ఆమె నోట "మా అమ్మకు" అన్న మాట వచ్చిందనుకోండి. ఫిర్ముస్ మేత్రాణులవలె మౌనంగా హింస భరించాలని చెప్పటానికి నాకు నోరు రాదు. ఆయన తన శరీరాన్ని తానే ఒడ్డుకున్నారు. ఈమె వెనుక పిల్లలున్నారు. భయం, బలాత్కారం మనిషి బాధ్యతను తగ్గిస్తాయని, ఒక్కోసారి పూర్తిగా తొలగిస్తాయని కూడా సత్యోపదేశమే చెబుతున్నది. ఇంకా శంక ఉంటే పాపసంకీర్తనంలో చెప్పుకోవచ్చు. ఆ రహస్యాన్ని ఏ గురువూ బయటపెట్టరాదు. 1983 శ్రీసభ చట్టం 1153వ నియమం ప్రకారం, జీవిత భాగస్వామి వలన తనకు గాని, పిల్లలకు గాని తీవ్ర అపాయం ఉన్నవారు మేత్రాణుల అనుమతితో వేరుగా ఉండవచ్చు. ఆలస్యం ప్రమాదకరమైతే ముందుగా తామే వెళ్ళిపోవచ్చు. హింస నుండి బలహీనులను తప్పించటానికి వేరుపడటం ఒక్కోసారి నైతికంగా అవసరమేనని ఫ్రాన్సిస్ పాపుగారు 2016లో వ్రాశారు.

దాచుకోవటం పాపం కాదన్నాక, ఎలా దాచుకోవాలో తెలియకపోతే ప్రయోజనమేమిటి? మీ చేతిలోని ఫోన్ నిజంగా మీదేనా అని మొదట ఆలోచించండి. సిమ్ ఆయన పేరున ఉంటే కాల్ వివరాలు ఆయనకు చేరే మార్గముంటుంది. ఫోన్ కొన్ననాడు గూగుల్ ఖాతా ఆయనే పెట్టి, పాస్‌వర్డ్ ఆయనకు తెలిసి ఉంటే, మీరు ఏమి వెతికారో, ఫోన్ ఎక్కడున్నదో ఆయన తన ఫోన్‌లోనే చూడగలరు. వాట్సాప్‌లో "లింక్డ్ డివైసెస్" అనేచోట చూడండి. మీరెరుగని కంప్యూటర్ అక్కడ కనిపిస్తే, మీ సందేశాలు వేరొకరు చదువుతున్నారన్నమాట. తెరమీద ఏ గుర్తూ లేకుండా కనిపెట్టే యాప్‌లు కూడా ఉన్నాయి.

అందుచేత అన్నిటికంటె క్షేమమైనది మరొకరి ఫోన్. మీ ఫోన్ ఇంట్లోనే వదలి ఎప్పటివలె ఆదివారం పూజకు వెళ్ళి, సిస్టర్లగారి మఠం నుండి మాట్లాడండి. లేదా అంగన్‌వాడీ టీచరమ్మ ఫోన్ అడగండి. మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరమైతే 112, పిల్లలకు 1098, ఉచిత న్యాయ సహాయానికి 15100. చిన్న నంబర్లే, కాగితం మీద వ్రాయకుండా మనసులో పెట్టుకోవచ్చు. "మీరు నాకు తిరిగి చేయవద్దు, నేనే చేస్తాను" అని మొదటే చెప్పండి. మీ ఫోనే వాడక తప్పకపోతే ఆ ఒక్క కాల్‌ను మాత్రమే చెరిపివేయండి. కాల్ లిస్టు మొత్తం ఖాళీగా ఉంటే అనుమానం పుడుతుంది. రోజూ ఉండే లొకేషన్‌ను హఠాత్తుగా ఆపినా అంతే. గాయాల ఫొటోలు నమ్మకమైన అక్కకో చెల్లికో పంపి చెరిపేటప్పుడు, చెరిపిన ఫొటోలు కొన్ని వారాలు ఫోన్ చెత్తబుట్టలోనే ఉంటాయని గుర్తుంచుకోండి. అక్కడా తీసివేయాలి. పాస్‌వర్డ్‌లు మార్చటం, కొత్త సిమ్ తీసుకోవటం ఇల్లు విడిచి క్షేమంగా చేరిన తరువాత చేసుకోవచ్చు. భార్య వెళ్ళిపోతున్నదని పసిగట్టిన గడియలోనే అటువంటివాని కోపం అన్నిటికంటె ప్రమాదకరం.

2005 గృహహింస చట్టం క్రింద రక్షణాధికారికి బాధితురాలే కాదు, విషయం తెలిసినవారెవరైనా తెలియజేయవచ్చు. సదుద్దేశంతో చెప్పినవారిపై కేసు ఉండదు. జిల్లాల్లో "సఖి" కేంద్రాలున్నాయి. వైద్యం, పోలీసు సహాయం, న్యాయ సలహా, కొద్దిరోజుల ఆశ్రయం అక్కడ దొరుకుతాయి.

విచారణ పెద్దలకు, మరియదళం సోదరీమణులకు, గురువులకు కూడా ఒక మాట. ఒక స్త్రీ మీతో గోడు చెప్పుకుంటే, ఆ సాయంత్రమే రాజీ కుదర్చాలన్న ఉత్సాహంతో ఆమె భర్తను పిలిపించి, "మీ ఆవిడ ఇలా చెప్పింది, నిజమేనా?" అని అడుగుతారు కొందరు. ఆయన మీ ముందు చేతులు కట్టుకొని తల వంచుకుంటాడు. ఇంటికి వెళ్ళాక ఏమవుతుందో మీరు చూడరు. ఆమె పేరు చెప్పి ప్రార్థన కూటంలో మనవి పెట్టటం కూడా చాటింపు వేయటమే. ఆమె అనుమతి లేనిదే ఆమె మాట మీ గడప దాటరాదు.

ఇరుగుపొరుగు చేయగలిగినది ఎంతో ఉన్నది. ముందే ఒక గుర్తు మాట అనుకోవచ్చు. "వదినా, కరివేపాకు ఉందా?" అని గోడ మీదుగా అడిగినా, సందేశం పెట్టినా, వెంటనే 112కు ఫోన్ చేయమని అర్థం. ఈ ఏర్పాటును పిల్లలకు మాత్రం చెప్పకండి. "అమ్మ ఎవరితో మాట్లాడింది?" అని తండ్రి గద్దించి అడిగితే, ఆ రహస్యం బరువు చిన్నవాడు మోయలేడు. సౌలు రాజు చంపజూచినప్పుడు యోనాతాను, దావీదు పొలంలో ఇటువంటి ఏర్పాటే చేసుకున్నారు. యోనాతాను బాణం వేసి, దాన్ని ఏరటానికి పరుగెత్తిన బాలునితో "బాణం నీకు అవతల ఉన్నది" అని కేకవేస్తే, పారిపొమ్మని దావీదుకు గుర్తు. ఆ కేక దావీదు విన్నాడు. బాలునికి మాత్రం ఏమీ తెలియదు. బాణాలు ఏరి యజమానికి తెచ్చియిచ్చి, ఆయన ఆయుధాలు మోసుకొని పట్టణానికి వెళ్ళిపోయాడు.