వినడానికి అర్హత

దేవుణ్ణి నమ్మనివాడు దేవుడి పాట వింటే దొంగతనమా? ఎస్టోనియా స్వరకర్త ఆర్వో పేర్ట్ 1989లో కూర్చిన ‘మాగ్నిఫికాట్’ బృందగానం విన్నాక పట్టుకున్న అనుమానం ఇది. లాటిన్ నాకు ఒక్క ముక్క రాదు. వాయిద్యాల్లేవు. ఒక గొంతు మెట్టుమెట్టుగా నడుస్తుంటే, ఇంకోటి మూడు స్వరాల్లోనే మెసలుతూ తోడుంటుంది. మధ్యలో ఆగుతారు. అప్పుడు ఊపిరి తీయడానికి కూడా మొహమాటం!

మా విజయపురి సౌత్ దగ్గర అనుపులో, సాగర్ నీళ్ళ నుంచి తప్పించి తిరిగి కట్టిన ప్రాచీన రంగస్థలం మెట్లెక్కడానికి ఎవరి మతమూ అడగరు. కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరంలో త్యాగరాజ కీర్తన పలికితే ఎవరడిగారు గనక?

అయితే ఆయన జన్మంతా ఊపిరి పోశారు. నేనో, ఫోన్లో ఊరికే విని, ప్రశాంతత జేబులో వేసుకుని లేస్తాను. చిక్కల్లా అక్కడే. అందుకని ఇప్పుడు ఆ కాసేపూ ఇంకో పని పెట్టుకోను. వేరుశనక్కాయలు కూడా వలవను.