మూలుగు వినబడని గాయము



దారిప్రక్కన గాయపడియున్నవానిని చూచి ఆగిన సమరయుని కథ మనమందరము ఎరుగుదుము. అయితే ఆ దారిలో పడియున్నవాడు ఒక్కడే. అయిదుగురు పడియుండినయెడల ఆ సమరయుడు ముందుగా ఎవరియొద్దకు పోవలెను? ఈ ప్రశ్న నేడు 108 అంబులెన్సులో పనిచేయువారికి నిజముగా ఎదురగుచున్నది.

ఆ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమయ్యెను. బండి నడుపువానిని పైలట్ అందురు. రోగిని చూచువాడు టెక్నీషియను. ఇతడు డాక్టరు కాడు. ఆసుపత్రి చేరువరకు ప్రాణము నిలుపుటయే ఇతని పని. గుండె ఆగినవాని రొమ్మును నిమిషమునకు 100 నుండి 120 సార్లు నొక్కుట, కారు నెత్తురును ఆపుట, విరిగిన కాలికి బద్దలు కట్టుట, దారిలోనే కాన్పు చేయుట ఇతడు నేర్చుకొనును. ఇవన్నియు చేతులు నేర్చుకొను పాఠములు. వీటికంటె కష్టమైన పాఠము మనస్సు నేర్చుకొనవలసినది.

ఒక ఆటో బోల్తాపడినదనుకొనుడి. కాలు విరిగిన యువకుడు పెద్దకేకలు వేయుచున్నాడు. అతని బంధువులు టెక్నీషియను చెయ్యి పట్టి లాగుచున్నారు. గట్టు ప్రక్కన ఒక ముసలమ్మ ఉలుకు పలుకు లేక పడియున్నది. టెక్నీషియను కేకలు వేయువానిని దాటి ఆమెయొద్దకు పోవును. “వీనికి జాలి లేదు” అని జనులు తిట్టుదురు. అయితే కేక వేయగలవానికి ఊపిరి ఆడుచున్నదని అతడెరుగును. స్పృహ తప్పినవారికి నాలుక వెనుకకు జారి ఊపిరికి అడ్డుపడవచ్చును. అట్లయిన కొద్ది నిమిషములలోనే ప్రాణము పోవును.

నెపోలియన్ సైన్యములో వైద్యుడైన లారే, హోదాను చూడక గాయపు తీవ్రతను బట్టి ముందుగా ఎవరిని చూడవలెనో నిర్ణయించెను. కాలిఫోర్నియాలో 1983లో ఏర్పడిన పద్ధతిలో గాయపడినవారికి రంగుచీటీలు కట్టుదురు. నడువగలవానికి పచ్చది, వెంటనే చూడవలసినవానికి ఎర్రది. గాయపడినవారు అనేకులై సహాయకులు కొద్దిమందియైనప్పుడు, ఊపిరిదారి తెరచినను శ్వాస రానివానికి నల్లచీటీ కట్టి ముందుకు సాగవలెను.

ఇది ప్రేమయేనా? ప్రేమ లెక్కలు చూడదు గదా అని మీరడుగవచ్చును. నిజమే, తన నష్టమును గూర్చి అది లెక్క చూడదు. అయితే సహాయకునికున్నవి రెండు చేతులే. తన మనస్సు ఊరటకొరకు ఒకనియొద్ద నిలిచిపోయిన నిమిషములు, బ్రదుకగల మరియొకనియొద్దనుండి తీసికొన్నవే యగును. తన కన్నీటికి కాక పొరుగువాని అక్కరకు లోబడుటయే ఇక్కడ ప్రేమ. అయినను ఆ నియమము దుఃఖమును తీసివేయదు. నల్లచీటీ కట్టిన చెయ్యి ఆ రాత్రి అన్నము కలుపుకొనుటకు వణకవచ్చును. వణకుట తప్పు కాదు; వణకుచు పని మానుట తప్పు.

మన యూరిలోను ఇట్లే యున్నది. బిగ్గరగా అడుగువాని యింటికి పదిసార్లు పోవుదుము. నోరు తెరచి అడుగని విధవరాలి పొయ్యి మూడుదినములనుండి వెలుగలేదని ఎవరు చూచిరి? ముందుగా మొరపెట్టువానివైపే తిరుగుట మన స్వభావము. మౌనముగా నున్నవారిని వెదకుట నేర్చుకొనవలసినదే.

దారిలో ప్రమాదము చూచినయెడల దాటిపోకుడి. 108కు ఫోను చేయుడి. స్పృహలేనివాని నోట నీళ్లు పోయకుడి. పోలీసులకును కోర్టులకును వెరవకుడి. సద్భావముతో సాయపడినవానిని బాధ్యుని చేయరాదని 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేసిన సవరణ చెప్పుచున్నది. ఆ చట్టము అట్టివానికి పెట్టిన పేరు “గుడ్ సమారిటన్”, అనగా మంచి సమరయుడు. పేరు చట్టమిచ్చినది, ఆగవలసినవారము మనమే. ఆగినప్పుడు, కేకలు వినిపించు దిక్కునేగాక, నిశ్శబ్దముగా నున్న దిక్కును కూడ చూడుడి.