ఎందుకు సంపినవ్ బిడ్డా?

కథ చదివి వినిపించడం అయిపోయాక మా అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఒళ్ళో చేట, చేటలో తునికాకు, తంబాకు. వేళ్ళు మాత్రం ఆగలేదు. ఒక బీడీకి దారం చుట్టి, మూతి వత్తి, పక్కన పడేసి అప్పుడు అడిగింది.

"ఇది గా ఇద్దరి కథనే గదా?"

అవునన్నాను.

"మరి ఎందుకు సంపినవ్ బిడ్డా? వాళ్ళు సావలే గదా."

ఆ ఇద్దరూ బోధన్‌లో మా వాడకట్టు వాళ్ళే. పేర్లు రాయను. పెద్దామె మొగుడు గల్ఫ్‌కి పోయి, మొదట పైసలు, తర్వాత ఉత్తరాలు కూడా మానేశాడు. చిన్నామె అత్తగారింటి నుంచి వచ్చేసింది. ఒకే అర్ర, ఒకే పొయ్యి, ఎదురెదురుగా రెండు చేటలు. గానుగ సీజన్‌లో శక్కర్‌నగర్ నుంచి మొలాసిస్ వాసన మా వాడ మీదుగా పోయేది. ఆ వాసనలో వాళ్ళ నవ్వులు వినబడేవి. సద్దుల బతుకమ్మనాడు ఇద్దరూ కలిసి ఒకే బతుకమ్మను పేర్చి తెచ్చేవాళ్ళు. వాడలో అందరూ వాళ్ళని "సోపతులు" అనేవాళ్ళు. ఆ మాట వెనక ఏముందో ఎవరూ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

నేను పదో తరగతిలో ఉండగా పెద్దామె పీఎఫ్ నామినీ కాగితం నాతోనే నింపించింది. చిన్నామె పేరు రాశాను. పక్కనే "సంబంధం" అని ఒక గడి.

"ఏం రాయాలె పెద్దమ్మా?"

"సోపతి అని రాస్తే చెల్లదా?"

చెల్లదన్నాను. ఆమె కొంచెంసేపు ఆలోచించి, "అయితే చెల్లె అని రాయి" అంది.

ఏళ్ళ తర్వాత నేను రాసిన కథలో వీళ్ళిద్దరూ వాడ మాటలు పడలేక చివరికి మంజీరలో కలిసిపోతారు. చదివిన మిత్రులు గుండె పిండేసిందన్నారు. ఒకాయన "చాలా వాస్తవికంగా ఉంది" అని మెచ్చుకున్నాడు. నేనూ సంతోషపడ్డాను. మా అమ్మ అడిగేదాకా నాకు తట్టనేలేదు: వాస్తవంలో వాళ్ళు బతికే ఉన్నారు. మరి నేను రాసింది ఏ వాస్తవం?

ఆ ప్రశ్న పట్టుకుని ఆడవాళ్ళ మధ్య ప్రేమ గురించిన కథలు, దొరికినవి దొరికినట్టు చదివాను. చాలావాటిలో ముగింపు దగ్గర ఎవరో ఒకరు సుంకం వసూలు చేస్తున్నట్టు అనిపించింది. డ్రాకులా కంటే పాతికేళ్ళ ముందు, 1872లో, షెరిడన్ లె ఫాను రాసిన కార్మిల్లాలో ఒక అమ్మాయిని మోహించే అమ్మాయి రక్తపిశాచి. గుండెలో మేకు దిగితే గానీ కథ ముగియదు. 1928లో రాడ్‌క్లిఫ్ హాల్ రాసిన 'ది వెల్ ఆఫ్ లోన్‌లీనెస్'లో పిశాచాలు లేవు, త్యాగం ఉంది. నాయిక తను ప్రేమించిన అమ్మాయిని తనంతట తనే దూరం చేసుకుని ఒక మగవాడికి అప్పజెబుతుంది. అంత దుఃఖం చెల్లించినా లండన్ కోర్టు ఆ పుస్తకం అశ్లీలమని, ప్రతులు ధ్వంసం చేయమని అదే ఏడు తీర్పు చెప్పింది.

1952లో అమెరికాలో రెండు నవలలు వచ్చాయి. మారిజేన్ మీకర్ మారుపేరుతో రాసిన 'స్ప్రింగ్ ఫైర్' చౌక పేపర్‌బ్యాక్. సుఖాంతం ఉంటే తపాలా శాఖ పుస్తకాల్ని పట్టుకుంటుందని సంపాదకుడు భయపడి, విషాదాంతం చేయమని షరతు పెట్టాడని ఆమే తర్వాత చెప్పింది. ఆ నవలలో ఒకమ్మాయికి మతి చెడుతుంది, రెండో ఆమె అసలు ప్రేమే లేదని తేల్చుకుంటుంది. రెండో నవల క్రైమ్ రచయిత్రి పట్రీషియా హైస్మిత్‌ది, 'ది ప్రైస్ ఆఫ్ సాల్ట్'. అదీ మారుపేరుతోనే వచ్చింది. కానీ ఇందులో ఎవరూ చావరు. ఇద్దరూ కలిసి బతికే ఆశతో నవల ముగుస్తుంది. కాలం ఒకటే, దేశం ఒకటే. ఒక ముగింపు భయం రాయించింది, ఒకటి రచయిత్రి రాసింది.

నన్ను ఎక్కువగా ఆపింది మాత్రం మన దగ్గరి కథే. ఇస్మత్ చుగ్తాయ్ 1942లో ఉర్దూలో 'లిహాఫ్' రాశారు. భర్త పట్టించుకోని ఒక బేగం, ఆమెకు ఒళ్ళు రుద్దే పనిమనిషి, గోడ మీద రజాయి నీడ చూసి భయపడే చిన్నపిల్ల. అశ్లీలమని లాహోర్ కోర్టుకి ఈడ్చారు, అక్కడ ఆమె గెలిచారు. చాలా ఏళ్ళకి ఆ కథకి మూలమైన బేగం ఒక విందులో ఎదురుపడ్డారని చుగ్తాయ్ తన ఆత్మకథలో చెప్పుకున్నారు. ఏమంటుందోనని వణికిపోతుంటే, ఆవిడ నవాబుకి విడాకులిచ్చి మళ్ళీ పెళ్ళి చేసుకున్నానని, కొడుకు పుట్టాడని చెప్పి, భోజనానికి పిలిచిందట. కథ రజాయి కిందే ఆగింది, మనిషి ఆగలేదు. రాసినవాళ్ళకి ఇలా ఎదురుపడే అదృష్టం అరుదు.

విచిత్రం ఏమిటంటే, వాస్తవ కథలకి లేని ధైర్యం జానపదానికి ఉంది. రాజస్థానీలో విజయ్‌దాన్ దేథా రాసిన 'దోహరీ జూణ్'లో ఇద్దరు ఆడపిల్లలకి పెళ్ళవుతుంది. ఊరు తరిమితే దయ్యాలు చోటిస్తాయి. ఒకామె దయ్యం వరంతో మగవాడిగా మారి, ఆ వెంటనే మొగుడి పెత్తనం మొదలుపెడుతుంది. మళ్ళీ ఆడదయ్యాకే ఇల్లు చల్లబడుతుంది. ఓల్గా 'విముక్త'లో సీత, శూర్పణఖ కలుసుకుంటారు. అది ప్రేమకథ కాదు, స్నేహమే. అయినా ముక్కు కోసి వదిలేసిన మనిషికి ఆ కథ ఒక తోటని, ఒక జీవితాన్ని ఇచ్చింది. సారా వాటర్స్ 2002లో రాసిన 'ఫింగర్‌స్మిత్' దొంగలు, మోసాలు నిండిన నవల. చివరికి ఆ ఇద్దరమ్మాయిలూ ఒక చోటికి చేరతారు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, నాకు నేనే చెప్పుకున్నది. నిజంగానే చస్తున్నారు కదా! ఇద్దరమ్మాయిలు కలిసి ప్రాణాలు తీసుకున్న వార్తలు మన పేపర్లలో రాలేదా? అది రాయకుండా పూలబాట రాస్తే అబద్ధం కాదా? కాదనను. రాయాలి. సుఖాంతమే రాయమని ఎవరూ ఎవరికీ షరతు పెట్టకూడదు, అది కూడా ఒక సంపాదకుడి కత్తెరే. కానీ చావు రాసేవాళ్ళు ఒక లెక్క అప్పజెప్పాలి: ఈ చావు లోకం తెచ్చిందా, నా భయం తెచ్చిందా, పాఠకుల ఆమోదం కోసం నేను కట్టిన సుంకమా? చచ్చిపోయినవాళ్ళ మీద జాలిపడటం తేలిక. బతికున్నవాళ్ళకైతే పక్కింట్లో చోటివ్వాలి, పండక్కి పిలవాలి.

నా లెక్క నేను చెప్తాను. నిజామాబాద్‌లో డిగ్రీ చదివేటప్పుడు నాకూ ఒక సోపతి ఉండేది. ఆమెకి పెళ్ళి కుదిరిన రోజు నేను ఒక్క మాటా అనలేదు, ఆమె కూడా అనలేదు. మంజీరలో మునిగింది ఆ మాట. దాన్ని పక్కవాడలో బీడీలు చేసుకుంటూ బతికే ఇద్దరాడవాళ్ళ నెత్తిన పెట్టి, వాస్తవమని పేరు పెట్టాను. నాకు లేని ధైర్యం వాళ్ళకి ఉందని ఒప్పుకోవడం కంటే వాళ్ళని చంపడమే సులువైంది.

1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 చివర్లో మూతపడింది. బోధన్ పని అయిపోయిందని అందరూ రాశారు. ఊరు అయిపోలేదు. ఆ ఇద్దరూ అయిపోలేదు. పెద్దామె మొన్నమొన్నటిదాకా ఉండి, షుగరు ముదిరి పోయింది. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న ఇలాంటి ప్రేమ నేరం కాదంది. 2023 అక్టోబర్ 17న మాత్రం దాన్ని పెళ్ళిగా గుర్తించడం తమ పని కాదంది. ఈ రెండు తీర్పుల సంగతీ చిన్నామెకి తెలీదు. ఆమెకి తెలిసింది ఒక కౌంటర్. అక్కడ నేను పదో తరగతిలో రాసిచ్చిన "చెల్లె" అనే మాట చూసి, చెల్లెలని రుజువేదీ అన్నారట. ఇద్దరి ఇంటిపేర్లు వేరు, తండ్రుల పేర్లు వేరు.

"ఏం చెప్పినవ్?" అని అడిగాను.

"ముప్పై ఏండ్లు ఒక్క కుండల తిన్నమని చెప్పిన. అది కాగితం మీద ఉండాలన్నరు."

ఈ ముగింపు నాకెప్పటికీ తట్టేది కాదు. ఇందులో నది లేదు. ఒక గడి ఉంది, అందులో పట్టని ఒక మాట ఉంది. కథ మళ్ళీ రాస్తున్నాను, ఆ గడి దగ్గరే మొదలుపెట్టి. ఈసారి ముందు చిన్నామెకి చదివి వినిపిస్తాను. వద్దంటే ఆపేస్తాను. ఆమె చేట ముందేసుకుని కూర్చునే ఉంది. ఎదురుగా రెండో చేట గోడకి ఆనించి ఉంది.