టూలెట్

బొగ్గుబాయిల దిగినంక కులం ఉండదంటారు గోదావరిఖనిలో. అందరి మొఖాలూ నల్లబడేటివేనట. పైకొచ్చి స్నానం చేశాక ఓ ఇల్లు కిరాయికి అడిగి చూడండి, తెలుస్తుంది.

నన్ను తొలుస్తున్నది మాత్రం తెలిసి అబద్ధమాడేవాళ్లు కాదు, మా బాపు. ఓవర్‌మన్‌గా రిటైరై, క్వార్టర్ ఖాళీ చేసి, ఇల్లు కట్టి, మీది పోర్షన్‌కు టూలెట్ బోర్డు పెట్టాడు. ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టు పనిచేసే పిల్లగాడొకడు వచ్చాడు. బాపు చాయ్ తాగించాడు, ఊరడిగాడు, ఇంటిపేరడిగాడు. "మా అల్లుడొస్తనన్నడు బిడ్డా, ఏమనుకోకు" అన్నాడు. అల్లుడు అట్లా అననేలేదు. ఇక్కడిదాకా మామూలు కథే. కానీ నెల తిరక్కుండానే అమ్మతో లొల్లి: "వస్తనని చెప్పి రాకపాయె, పోర్షన్ ఖాళీగ పడున్నది." నటన కాదు. దసరాకు అల్లుడొస్తే సరిగా మాట్లాడలేదు.

ఇప్పుడీయన్ను దేనితో కొలవాలి? 1998లో మనస్తత్వవేత్త గ్రీన్‌వాల్డ్ బృందం తెచ్చిన ఇంప్లిసిట్ అసోసియేషన్ టెస్టు, మీటలు నొక్కే వేగాన్ని మిల్లీసెకన్లలో లెక్కగట్టి మనసు మొగ్గు చెబుతానంటుంది. అదే మనిషి మళ్లీ కూర్చుంటే అంకె మారిపోవచ్చు. బాయిలో మీథేన్ ఒకటింపావు శాతం దాటితే కరెంటు తీసేయాలి. మీటరు ఎవరు పట్టినా గ్యాసు గ్యాసే. మనసుతో ఆ సుఖం లేదు.

పరిశోధకులు థోరాట్, అట్వెల్ మనసు జోలికే పోలేదు. సమాన అర్హతల దరఖాస్తులు వేర్వేరు పేర్లతో ప్రైవేటు కంపెనీలకు పంపి, ఎవరికి పిలుపొచ్చిందో లెక్కపెట్టారు. 2007లో అచ్చయిన ఆ లెక్కలో, అగ్రకుల పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపొచ్చే అవకాశం దాదాపు మూడింట రెండు వంతులే. నాకు నచ్చిన పద్ధతి. అయితే అది గుంపు సంగతి చెబుతుంది, ఒక్క మనిషి సంగతి చెప్పదు.

పైగా క్వార్టర్ రోజులున్నాయి. సీనియారిటీ లెక్కన ఇచ్చారు. పక్కింట్లోకి ఎవరు రావాలో బాపును అడగలేదు. వచ్చిన కాకది ఆ పిల్లగాడి కులమే. కాక పోయినప్పుడు పాడె మోసినవాళ్లలో బాపు ఉన్నాడు. ఆ రోజు టెస్టు పెడితే ఏ అంకె వచ్చేది? తనకే తెలియని వివక్ష అన్నది మర్యాదస్తులకు దొరికిన సాకేనని ఒక్కోసారి తేల్చేస్తాను. మరి ఆ అలక? సాకు చెప్పినవాడు దాన్ని నమ్మి అలుగుతాడా?

అడగని చోట బాపు ఒక మనిషి, ఎంచుకునే హక్కు చేతికొచ్చాక ఇంకో మనిషి. అందుకే ఆయన లోపలికి తొంగిచూడటం తగ్గించి, పోర్షన్ ఎవరికిస్తాడో చూస్తున్నాను. మొన్న ప్లాంటులో పనిచేసే ఒకాయనకిచ్చాడు. ఈసారి ఇంటిపేరు అడగలేదేం అన్నాను.

"అడిగేదేమున్నది, మనకు తెల్సినోళ్లే" అన్నాడు.