సూత్రలాఘవం, యంత్రస్మృతి

ఆదోని, ఎమ్మిగనూరులకు చేరువలో తుంగభద్ర ఒడ్డున ఉన్న మంత్రాలయంలో 1671లో బృందావనస్థులైన రాఘవేంద్రస్వామి రచనల్లో, మధ్వాచార్యుల అణుభాష్యానికి వ్యాఖ్యానమైన తత్త్వమంజరి ఒకటి. బ్రహ్మసూత్రాలు వేదాంత విచారాన్ని అతి తక్కువ అక్షరాల్లో బిగించిన వాక్యాలు కాగా, అణుభాష్యం వాటి నాలుగు అధ్యాయాల సారాన్ని ముప్పై పైచిలుకు శ్లోకాల్లోకి కుదించిన గ్రంథం; దాన్ని విప్పడానికి మళ్లీ వ్యాఖ్యానం కావలసివచ్చిందంటే, కుదింపులో అర్థం తగ్గిందా, లేక వేరొక చోటికి తరలిందా అన్న ప్రశ్న తప్పదు.

ఈ ప్రశ్నను అంకెల్లో పరిశీలించే వీలు 1970ల నాటి ప్రోగ్రామబుల్ కాలిక్యులేటర్లలో ఉంది. 1976లో వచ్చిన హెచ్‌పీ-67 ప్రోగ్రామ్ మెమరీ 224 స్టెప్పులు. మరుసటి ఏడు వచ్చిన టీఐ-59లో, సంఖ్యలను దాచే అరలైన రిజిస్టర్లన్నిటినీ వదులుకుంటే, 960 స్టెప్పుల దాకా దొరుకుతాయి. అయితే రెండు రిజిస్టర్లలోని సంఖ్యలను కూడి, ఆ మొత్తాన్ని మూడో రిజిస్టరులోని సంఖ్యతో గుణించాలంటే, టీఐ-59లో బ్రాకెట్టు, సంఖ్యను పిలిచే మీట, రిజిస్టరు సంఖ్య, కూడిక గుర్తు వంటివన్నీ వేర్వేరు స్టెప్పులు కాబట్టి 11 అవుతాయి. హెచ్‌పీ-67లో మీటనూ రిజిస్టరు సంఖ్యనూ కలిపి ఒకే సంకేతంగా దాచడం వల్లా, సంఖ్యలు ముందు, క్రియ తరువాత వచ్చే పద్ధతికి బ్రాకెట్లే అక్కరలేకపోవడం వల్లా 5 సరిపోతాయి. మిగిలిన ఆరు మాయం కాలేదు: సంకేతాన్ని విడదీసే పని యంత్రం లోపలి శాశ్వత స్మృతికీ, నాలుగు అంతస్తుల స్టాకులో ఏ సంఖ్య ఎక్కడుందో గుర్తుంచుకునే పని మనిషికీ చేరాయి.

ఇలా భారం తరలడం వ్యాకరణశాస్త్రంలోనూ ఉంది: పాణిని సూత్రాల్లో ముందరి పదం తరువాతి సూత్రాల్లోకి చెప్పకుండానే కొనసాగడాన్ని అనువృత్తి అంటారు. అది ఎంతవరకు సాగుతుందో వ్యాఖ్యానం వల్లనే తెలుస్తుంది. యంత్రంలో విప్పే విధానం తయారీలోనే స్థిరపడుతుంది గానీ, శాస్త్రంలో అది పరంపర చేతిలో ఉంటుంది, ప్రమాదమూ మహత్తూ రెండూ అక్కడే ఉన్నాయి. పరంపర మారితే సూత్రాల సంఖ్యే మారుతుంది: బ్రహ్మసూత్రాలు శంకరుల లెక్కలో 555, మధ్వుల లెక్కలో 564. ఛాందోగ్యోపనిషత్తులోని ‘తత్త్వమసి’ (అది నీవే) అనే మహావాక్యం దగ్గరైతే, సంధిలో ఒక అకారం లీనమై ఉందని మధ్వులు గ్రహించడంతో, అద్వైతులు జీవబ్రహ్మల ఐక్యాన్ని చూసిన చోటే ఆయన భేదాన్ని చూశారు. ఒక్క అకారం ఉనికిపై ముక్తి స్వరూపమే ఆధారపడినప్పుడు, మూలం పొడవును మాత్రమే కొలిచి లాఘవాన్ని మెచ్చుకోవడం చాలదు. విప్పి చెప్పిన తరాల శ్రమను కూడా ఆ లెక్కలో కలపడమే న్యాయం. మధ్వుల అనువ్యాఖ్యానానికి జయతీర్థుల న్యాయసుధ, ఆ న్యాయసుధకు రాఘవేంద్రుల పరిమళం అలా పుట్టినవే.