అమ్మమ్మ భాష అప్పా, ఆస్తా?

టెక్సస్ హైస్కూళ్లలో స్పానిష్ క్లాసు అంటే రెండు రకాల పిల్లలు పక్కపక్కన కూర్చునే చోటు. మొదటి రకానికి అది గట్టెక్కాల్సిన ఒక సబ్జెక్టు. డాలస్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువాళ్ల పిల్లలు స్పానిష్ తీసుకుంటే సాధారణంగా ఈ కోవలోకే వస్తారు. రెండో రకం పిల్లల ఇళ్లలో అమ్మమ్మ మాట్లాడేది ఆ భాషే. అమ్మకు సగం వచ్చు, పిల్లకు రాదు. మీ కుటుంబ చరిత్ర స్పానిష్‌లో రాసుకు రండి అని టీచరు చెప్పినప్పుడు మొదటివాడు తనకు తెలిసిన కథను కొత్త భాషలోకి మారుస్తాడు. రెండో పిల్ల తనకు తెలియని కథ కోసం, తనకు రాని భాషలో, తన ఇంట్లోనే వెతుక్కోవాలి. ఇద్దరూ వల్లించేవి ఒకే క్రియారూపాలు. మరి మొదటివాడికి లేని బాధ్యత రెండో పిల్ల మీద ఏదైనా ఉందా? పూర్వీకుల భాష మనం కోరుకోకుండానే మన నెత్తిన పడే రుణమా, లేక ఇష్టమైతే తీసుకుని లేకపోతే వదిలేసే ఆస్తా? అది రుణమేనని నేను నమ్ముతున్నాను. అయితే అది రక్తం వల్ల వచ్చే రుణం కాదు, భాష పట్టుబడితే తీరిపోయేదీ కాదు. మనల్ని పెంచినవాళ్ల బతుకును వాళ్ల నోట, వాళ్ల మాటల్లో వినవలసిన రుణం.

స్పానిష్ ఆ రెండో పిల్ల ఇంట్లోంచి దానంతటదే పోలేదు. 1848లో గ్వాడలూపే ఇడాల్గో ఒప్పందంతో మెక్సికో తన ఉత్తర భూములను వదులుకున్నప్పుడు అక్కడి జనం ఇల్లు కదలకుండానే పరాయి దేశంలో పడ్డారు. 1918లో టెక్సస్, బడుల్లో ఇంగ్లీషు తప్ప మరో భాషలో పాఠం చెప్పడాన్ని నేరంగా మార్చింది. మార్ఫా అనే చిన్న ఊళ్లో మెక్సికన్ పిల్లలకోసం వేరుగా నడిపిన బ్లాక్‌వెల్ స్కూల్లో 1954లో ఒక అంత్యక్రియల తంతు జరిగింది. ఇక స్పానిష్ మాట్లాడబోమని పిల్లల చేత చీటీల మీద రాయించారు. ఆ చీటీలను పెట్టెలో వేసి, బడి ఆవరణలో గొయ్యి తీసి పాతిపెట్టించారు. చనిపోయినవాడికి పెట్టిన పేరు మిస్టర్ స్పానిష్. ఇంట్లో అమ్మ పిలిచే భాషను ఆ పిల్లలు తమ చేతులతోనే మట్టిచేశారు. ఆ బడిని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించే చట్టం 2022లో వచ్చింది. ఇది ఒక్క ఊరి వైపరీత్యం కూడా కాదు. నైరుతి రాష్ట్రాల బడుల్లో స్పానిష్‌ను నిషేధించే నిబంధనలు ఎంత విస్తృతంగా ఉండేవో అమెరికా పౌరహక్కుల కమిషన్ 1972లోనే నివేదించింది. అలాంటి బడుల్లో చదివినవాళ్లు చాలామంది తర్వాత తమ పిల్లలతో ఇంగ్లీషే మాట్లాడారు. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2023లో ప్రకటించిన సర్వే ప్రకారం, మూడో తరానికి, ఆపై తరాలకు చెందిన లాటినోల్లో స్పానిష్‌లో బాగా సంభాషించగలిగేవాళ్లు మూడింట ఒకవంతు మాత్రమే. కాబట్టి లెక్క సరిగ్గా చూస్తే మొదటి బాకీదారు ఆ మనవరాలు కాదు, బడి. ఈ రోజు అదే బడి ఆ భాషను నేర్పుతోందంటే అది ఉపకారం కాదు, పాత బాకీలో కొంత తిరిగి చెల్లించడం.

అయితే బడి బాకీ తేలినంతమాత్రాన మనవరాలి ప్రశ్న తేలదు. ఇక్కడ మనకు బాగా పరిచయమైన ఒక ఆలోచన అక్కరకొస్తుంది. శతపథ బ్రాహ్మణం దృష్టిలో పుట్టిన ప్రతివాడూ రుణాలతోనే పుడతాడు. దేవతల రుణం యజ్ఞంతో, ఋషుల రుణం అధ్యయనంతో, పితరుల రుణం సంతానంతో, తోటి మనుషుల రుణం ఆతిథ్యంతో తీరుతాయి. పితృరుణం అనగానే మనకు శ్రాద్ధం, వంశం నిలబెట్టడం గుర్తొస్తాయి. కానీ అమ్మమ్మ మాట మనవరాలికి అర్థంకాని ఇంట్లో వంశం నిలబడే ఉంది, సంతానం ఎదురుగానే ఉంది, అయినా ఏదో తీరకుండా మిగిలింది. అలాంటి ఇంట్లో పితృరుణం తీర్చాలంటే ఋషిరుణం తీర్చే దారే పట్టాలి, అంటే కూర్చుని చదువుకోవాలి. నాలుగో రుణం కూడా ఇక్కడే కలుస్తుందనిపిస్తుంది. ముసలి మనిషి తడుముకుంటూ చెప్పేదాన్ని తొందరపెట్టకుండా వినడం ఆతిథ్యంలో భాగం కాదా?

ఈ రుణం రక్తానికి సంబంధించినది కాదని ఎందుకంటున్నానో చెప్పడానికి, కుటుంబ చరిత్ర కోసం ఆ పిల్లలు వెతికే కాగితాల్లోనే సాక్ష్యం ఉంది. మెక్సికో పారిష్ చర్చిల పాత బాప్తిస్మ రిజిస్టర్లు దాదాపు ఒకే మూసలో ఉంటాయి. ఫలానా ఊరి చర్చిలో, ఫలానా తేదీన, ఫలానా ఫాదరీ అయిన నేను, పుట్టి ఇన్ని రోజులైన శిశువుకు బాప్తిస్మం ఇచ్చి ఈ పేరు పెట్టాను అని మొదలవుతుంది. తర్వాత సక్రమ సంతానమా కాదా అన్న మాట, తల్లిదండ్రుల పేర్లు, చాలా చోట్ల తండ్రివైపు, తల్లివైపు తాతమామ్మల పేర్లు. మనం తర్పణంలో మూడు తరాలను పేరుపేరునా పిలుస్తాం. ఇక్కడ మూడు తరాలు ఒకే పేరాలో ఇమిడిపోతాయి. వాక్యాలు మళ్లీ మళ్లీ అవే కాబట్టి రెండేళ్లు స్పానిష్ చదివిన పిల్లలు ఆ ఎంట్రీని పట్టుకోగలరు. కష్టపెట్టేది వ్యాకరణం కన్నా ఆ చేతిరాత, పొదుపుగా కుదించి రాసిన మాటలు. అసలు చూడవలసింది చివరి వాక్యం. జ్ఞాన తల్లిదండ్రులుగా (గాడ్‌పేరెంట్స్‌గా) నిలబడినవాళ్ల పేర్లు రాసి, వాళ్ల బాధ్యతేమిటో, ఈ బిడ్డతో వాళ్లకు ఏర్పడిన ఆధ్యాత్మిక బంధుత్వమేమిటో వాళ్లకు తెలియజేశానని ఫాదరీ నమోదు చేస్తాడు. ఆ బంధుత్వం మొక్కుబడి మాట కాదు. దాన్నిబట్టి పెళ్లిళ్లకు అడ్డంకులు కూడా ఏర్పడేవి. తల్లిదండ్రులెవరో తెలియదని రాసిన ఎంట్రీల్లోనూ జ్ఞానతల్లి పేరు ఉంటుంది. రక్తం గురించి ఏమీ తెలియని బిడ్డకు కూడా ఆ పుస్తకంలో ఒక బంధువు ఉంది, ఆ బంధువుకు ఒక బాధ్యత ఉంది. బంధుత్వాన్ని నిలబెట్టేది పుట్టుక ఒక్కటే కాదు, ఒకరు మరొకరి భారం ఒప్పుకోవడం కూడా. అందుకే డీఎన్ఏ పరీక్షలో ఎన్ని శాతాలు తేలినా దానివల్ల భాష నేర్చుకోవలసిన బాధ్యత పుట్టదు. అమ్మమ్మ పెంచిన దత్తపిల్లకు మాత్రం ఆ బాధ్యత పూర్తిగా ఉంటుంది.

ఈ రిజిస్టర్లు నేడు ఏ పిల్ల కంప్యూటర్‌లోనైనా తెరుచుకోవడం వెనక మరో మతవిశ్వాసం ఉంది. చనిపోయిన పూర్వీకుల తరఫున బతికున్నవాళ్లు బాప్తిస్మం తీసుకోవచ్చని మోర్మన్ చర్చి నమ్ముతుంది. పేర్లు తెలిస్తేనే అది సాధ్యం. అందుకోసం 1894లో యూటాలో వంశచరిత్ర సంఘాన్ని స్థాపించారు. 20వ శతాబ్దంలో ఆ సంఘం మెక్సికో పారిష్ రికార్డులను పెద్ద ఎత్తున మైక్రోఫిల్ముల్లోకి ఎక్కించింది. ఒక మతం తన విధి కోసం రాసుకున్న పుస్తకాలను మరో మతం తన విధి కోసం కాపాడితే, ఏ విధితోనూ నిమిత్తంలేని బడిపిల్ల వాటిని హోంవర్క్ కోసం చదువుతోంది. చనిపోయినవాళ్ల పట్ల మనం చేయవలసింది ఏదో ఉందన్న భావం ఎంత బలమైనదో చెప్పడానికి ఆ ఫిల్ముల గుట్టలే చాలు.

ఇప్పుడు అభ్యంతరాలు. అన్నిటికన్నా బలమైనది ఇది: భాషను ఆపింది తల్లిదండ్రులే కదా. తాము పడ్డ అవమానం పిల్లలు పడకూడదని ఆలోచించే ఆపారు. పెద్దల మీద గౌరవం ఉంటే ఆ నిర్ణయాన్ని గౌరవించాలి కానీ తిరగదోడడమెందుకు? ఈ వాదనను తేలిగ్గా తోసిపుచ్చలేం. కానీ వాళ్లు తప్పించాలనుకున్నది దెబ్బలను, వెక్కిరింపులను. తమ తల్లికీ తమ బిడ్డకూ మధ్య మాట లేకుండా పోవాలని వాళ్లు కోరుకోలేదు. భయపెట్టి చేయించిన నిర్ణయానికి, ఆ భయం పోయాక కూడా మనవలు కట్టుబడి ఉండనక్కరలేదు. అయితే ఈ అభ్యంతరం ఒక హద్దు గీస్తుంది, దాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. వినడం రుణమే కానీ చెప్పడం పెద్దల రుణం కాదు. ఏ కాగితాలూ లేకుండా సరిహద్దు దాటిన తాత, చెప్పుకోలేని పెళ్లినుంచి బయటపడిన అమ్మమ్మ మౌనంగా ఉండాలనుకుంటే ఆ మౌనాన్ని మార్కుల కోసం బద్దలుకొట్టే హక్కు ఏ టీచరుకూ లేదు.

ఇంకో అభ్యంతరం: స్పానిష్ మాత్రం ఆ కుటుంబాల సొంత భాషా? అది ఆక్రమించుకున్నవాళ్ల భాష కాదా? అంతకుముందు ఆ కుటుంబాలు మాట్లాడింది నావాత్ల్ కావచ్చు, మిష్టెక్ కావచ్చు, జపోటెక్ కావచ్చు. నిజమే. అదే రిజిస్టర్లలో వలసపాలన నాటి ఫాదరీలు బిడ్డ పేరు పక్కన స్పానియార్డ్ అనో, ఇండియన్ (అక్కడి మూలవాసి) అనో, మెస్తిసో, ములాటో వంటి మిశ్రమ సంతతి అనో కులం రాసేవాళ్లు. స్వాతంత్ర్యం వచ్చాక 1822లో అలా రాయడాన్ని నిషేధించారు. ఈ సంగతి కూడా ఆ పిల్లకు తెలిసేది ఆ పేజీని స్పానిష్‌లో చదివినప్పుడే. తన వాళ్లలో కొరడా పట్టినవాళ్లూ దెబ్బలు తిన్నవాళ్లూ ఇద్దరూ ఉన్నారని ఒకే వాక్యంలో కనిపించవచ్చు. పూర్వీకులను వినడమంటే వాళ్లను పూజించడం కాదు. నేను రుణమంటున్నది గర్వానికి సంబంధించింది కూడా కాదు, నిజానికి సంబంధించింది. స్పానిష్ దగ్గర ఆగిపోయినా ఇదే చివరి మెట్టు కాదని ఆ పిల్లకు తెలియాలి. కానీ నావాత్ల్ వైపు వెళ్లాలన్నా ఆమెకు దొరికే మొదటి మెట్టు చాలాసార్లు ఇదే.

చనిపోయినవాళ్లకు మనం చేసేది చేరుతుందా అన్నది వేరే చర్చ. అరిస్టాటిల్ కూడా ఆ ప్రశ్న ఎత్తి, చేరినా కొద్దిగానే అని జాగ్రత్తగా వదిలేశాడు. దాన్ని ఇక్కడ తేల్చనక్కరలేదు, అమ్మమ్మ ఇంకా బతికే ఉంది కదా. అంతకన్నా నన్ను కలవరపెట్టేది మరొకటి. రుణమన్న మాట వాడగానే అది కొరడా అవుతుంది. అదే ప్యూ సర్వేలో, స్పానిష్ అంతగా రానివాళ్లలో సగానికి పైగా తోటి లాటినోలే తమను కించపరిచారని చెప్పారు. అందులోనే మరో అంకె ఉంది: లాటినో అనిపించుకోవడానికి స్పానిష్ రావలసిన పనిలేదని మొత్తం లాటినోల్లో 78 శాతం మంది అన్నారు. ఆ 78 శాతం మందితో నేను ఏకీభవిస్తాను. రుణం ఉండడం వేరు, అది తీర్చేదాకా ఇంట్లో చోటివ్వకపోవడం వేరు. భాష రాని పిల్లను వెక్కిరించేవాళ్లు 1954లో ఆ గొయ్యి తవ్వించినవాళ్ల పనినే అవతలి ఒడ్డునుంచి పూర్తిచేస్తున్నారు. ఆ అవమానం భయంతోనే ఎందరో క్లాసులో నోరు విప్పరు.

ఇక అనువాదం ఫోనే చేసిపెడుతుంది కదా అనేవాళ్లున్నారు. రిజిస్టరు పేజీ విషయంలో అది కొంతవరకు నిజం. అమ్మమ్మ విషయంలో కాదు. మధ్యలో యంత్రం పెట్టుకుని అడిగేవాళ్లకు ఏ ముసలమ్మా మనసులో మాట చెప్పదు. తన భాషలో తప్పులతోనైనా అడిగిన మనవరాలికి చెబుతుంది. అలాగని పాఠ్యపుస్తకపు స్పానిష్‌తో ఆమె పల్లెటూరి మాటను దిద్దబోతే ఆ తలుపు మళ్లీ మూసుకుంటుంది. అందుకే ఇలాంటి పిల్లలకు పాఠం వేరుగా ఉండాలని గ్వాడలూపే వాల్డెస్ వంటి పరిశోధకులు దశాబ్దాలుగా చెబుతున్నారు. స్పానిష్ టీచర్లకు నా విన్నపం ఒక్కటే. కుటుంబ చరిత్ర పనిని ఏడాది చివర్లో, వ్యాకరణమంతా అయ్యాక పెట్టకండి. మొదటి నెలలోనే, ప్రశ్నలు అడగడం వచ్చిన వెంటనే పెట్టండి. ఇంట్లో చెప్పేవాళ్లు లేకపోయినా, చెప్పడం ఇష్టం లేకపోయినా పొరుగింటి పెద్దావిడ దగ్గరికి పంపండి. మార్కులు వేయకండి. రిజిస్టర్ల ఫోటోలు ఎక్కడికీ పోవు, ఎప్పుడైనా చదువుకోవచ్చు. అమ్మమ్మలకు మాత్రం సెమిస్టర్ చివరిదాకా వ్యవధి ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.